వెండెల్ వెతికిన క్రాంకు

మీ తాతకి ఆ కారుకి క్రాంక్‌షాఫ్టు ఎందుకు దొరకలేదో అడగడానికా టోలీడో నుంచి ఇంత దూరం వచ్చావు? ఫోన్లో అడిగితే పోయేదిగా అమ్మడూ. సరే, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. కాఫీ పొద్దున కాచింది, తాగగలిగితే తాగు. మీ తాత వెండెల్ అయితే తాగేవాడు. తాగి, "క్లైడ్, దీన్ని గేర్‌బాక్సులో పోసుకోవచ్చురా," అనేవాడు. అని ఇంకో కప్పు పోసుకునేవాడు.

ఆ కారు అరవై తొమ్మిదో సంవత్సరంది, అది నీకు తెలుసు. ఎనిమిది సిలిండర్లు. స్టార్టు చేస్తే మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. మీ నానమ్మ లొరేన్‌ని పెళ్ళికి ముందు తిప్పింది అందులోనే. తర్వాత ఏమైంది, నలభై దాటిన పెద్దమనిషి, సిగ్నల్ దగ్గర ఎవడో పిల్లకాకి పక్కన ఆగి బర్రుమనిపించాడని పందేనికి దిగాడు. ఇంజన్లో ఆయిల్ ఎంత ఉందో చూసుకోలేదు. గెలిచాడులే. గెలిచాడు, క్రాంకు, అదే ఇంజన్ లోపల తిరిగే ఇనప ఇరుసు, చీరుకుపోయింది. ఇంజన్ విప్పి, ఇనప పొడి చల్లి చూస్తే పగులు వెంట్రుకలా కనపడింది. అతికించడానికి అదేమన్నా కుర్చీ కాలా? ఇంకోటి వెయ్యాల్సిందే.

ఇంకోటి దొరకదా అంటావు. దొరికేవి అమ్మా, బోలెడు. పాత కార్ల పిచ్చివాళ్ళ పట్టింపు నీకు తెలియదా ఏం? మీ తాత కారు మార్చిలో తయారైంది కదా, అందులో వేసే క్రాంకు జనవరిలోనో ఫిబ్రవరిలోనో పోత పోసిందై ఉండాలి. నంబరు కలవాలి, తేదీ కలవాలి. ఏప్రిల్‌ది వేస్తే ఇల్లాలికి ఎదురింటివాడి బిడ్డ పుట్టినంత అప్రదిష్ట వీళ్ళకి. పోనీ అదేమన్నా పైకి కనపడే వస్తువా? ఇంజన్ పొట్టలో ఉంటుంది. ఒకసారి మూత బిగిస్తే దేవుడు కూడా చూడడు. నేనదే అన్నాను. "ఎవడు చూస్తాడ్రా?" అన్నాను. "నేను చూశాగా," అన్నాడు.

అలా మొదలైంది. ప్రతి శనివారం పొద్దున్నే వచ్చి హారన్ కొట్టేవాడు. ఇద్దరం వాడి ట్రక్కులో పాత సామాన్ల సంతలకి, తుక్కు దుకాణాలకి, చచ్చిపోయినవాళ్ళ గరాజులకి. దారిలో డోనట్లు. తొమ్మిదేళ్ళు తిరిగాం. ఇండియానాలో ఒకడు, గెడ్డం బొడ్డుదాకా ఉంది, "సారూ, ఇది కన్నెపిల్ల లాంటి క్రాంకు," అన్నాడు. మీ తాత కళ్ళజోడు పెట్టుకుని చూసి, "మే నెల," అని దించేశాడు. "అయితే ఏమిటంట?" అన్నాడు వాడు. "మీ అమ్మానాన్నల పెళ్ళి మేలో, నువ్వు పుట్టింది అంతకుముందు మార్చిలో అనుకో, అదీ," అన్నాడు మీ తాత. తన్నులు తినకుండా ఎలా బయటపడ్డామో నాకిప్పటికీ తెలీదు.

నవ్వుతున్నావు గానీ, వాడికి లోపల తొందరుండేది. మీ నానమ్మ ఇరవై ఏళ్ళు రేకులు నొక్కే ఫ్యాక్టరీలో పనిచేసింది కదా, చెవులు తగ్గిపోతూ వచ్చాయి. ఏడాదికేడాది ఇంకాస్త. "ఆ మోత దానికి ఇంకొక్కసారి వినపడాలి క్లైడ్, అది పక్కన కూర్చునుండగా," అనేవాడు. ఆ ఒక్క ముక్కా హాస్యం లేకుండా అనేవాడు.

ఇప్పుడు నే చెప్పేది మీ నాన్నకి చెప్పకు. మా పోస్టు డబ్బా చూశావుగా రోడ్డు పక్కన. దాని కింద స్తంభం ఏమిటనుకున్నావు? క్రాంకే. నేను తుక్కు యార్డులో పనిచేసేప్పుడు నలిగిపోయిన కారులోంచి తీసి, గొట్టానికి వెల్డింగు పెట్టి పాతాను. ఈ చుట్టుపక్కల ఒకడు నాగలి పెడతాడు, ఒకడు గొలుసు పెడతాడు, నేనిది పెట్టాను. మా ఆవిడ ఐరిస్ దానికి తెల్లరంగు వేసి, కిందనుంచి పైదాకా నీలంపూల తీగె గీసింది. గీసిన రెండేళ్ళకి పోయింది.

వెదుకులాట మొదలైన మూడో చలికాలం, మంచు తోసే బండి తగిలి ఒకచోట రంగు పెచ్చు ఊడింది. వంగి చూస్తే వాడు వెతుకుతున్న నంబరే. పక్కన తేదీ. ఫిబ్రవరి.

వెంటనే చెప్పాల్సింది, తెలుసు. ఏమీ చెప్పకు, నాకు తెలుసు. కానీ అది దొరికిందంటే శనివారాలు ఉండవు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఈ ఇంట్లో చప్పుడు చేసేది నేనూ, ఫ్రిజ్జూ. అందుకని ఇంకో రెండు పూతలు రంగు పూసి, సరిగ్గా ఆ నంబరు మీద ఒక నీలంపువ్వు గీశాను. ఆ శనివారం వెండెల్ ట్రక్కు దిగి, దాన్ని కాసేపు చూసి, "ఐరిస్ గీసినంత బాగా రాలేదురా. క్యాబేజీలా ఉంది," అన్నాడు. అని హారన్ కొట్టి నన్ను ఎక్కమన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఇంకో ఆరేళ్ళు తిరిగాం. ఆరేళ్ళూ దొరికినవన్నీ ఏప్రిల్‌వీ, మే నెలవీ. తర్వాత వాడు పోయాడు. అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో అందరూ హ్యామూ బంగాళాదుంప సలాడూ తింటుంటే, మీ నానమ్మ నా పక్కన కూర్చుంది. అప్పటికి ఆవిడకి బొత్తిగా వినపడదు కదా, మెల్లిగా చెప్తున్నాననుకుని హాలంతా వినేట్టు చెప్పింది. "క్లైడ్, మీ డబ్బా కిందది సరైన క్రాంకేనట. ఇంజన్ విప్పిన ఏడాదే రంగు మీద వేలితో తడిమి అంకెలు చూసుకున్నాడు. అడగవయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వాడి పెళ్ళాం వేసిన పూలవి, గీకి ఇవ్వమని ఏ మొహంతో అడగను, ఇంకోటి వెతుక్కుంటాను, అన్నాడు."

నేను మొత్తం చెప్పేశాను. నంబరు, రంగు, క్యాబేజీ పువ్వు, అన్నీ. ఆవిడ నా చెయ్యి తట్టి, "అవును, బంగారం లాంటి మనిషి," అంది.

పోస్టు బండి ఆగినట్టుంది. నువ్వెళ్ళి డబ్బాలో ఏమొచ్చిందో తీసుకురా అమ్మడూ. నేను ఆ క్యాబేజీ పువ్వు దాకా నడవను.