చిలక కొట్టిన పండు

అది కాదండీ, పోయేవారు పోతూ పోతూ ఆ ఒక్క ముక్కా చెప్పి పోకూడదూ? భోషాణం తాళం ఎక్కడుందో చెప్పారు. మీ తమ్ముడి మాట పట్టించుకోవద్దనీ చెప్పారు. పెరట్లో చిన్నరసాలు ఎప్పుడు కోయాలో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ఫొటోలోంచి గుడ్లప్పగించి చూస్తే ఏం లాభం?

ఏటా మీరేగా! తెల్లారుతూనే పెరట్లోకి వెళ్ళడం, కాసేపటికి లోపలికొచ్చి "ఇవాళ కోయించు, కామేశ్వరీ" అనడం. ఒక్క ఏడూ తప్పలేదు. ఎలా తెలిసిందండీ అంటే ఓ చిరునవ్వు. ఏదో మహా విద్య కాబోలనుకున్నాను, పిచ్చిదాన్ని.

మీరు పోయాక మొదటి వేసవిలోనే కాకినాడ మీద బాంబులు పడ్డాయా? బందరంతా మూటలు సర్దింది. మీ తమ్ముడు దక్షిణామూర్తి పంచె ఎగ్గట్టి, చిక్కం కర్ర పట్టుకుని తయారు. "వదినా, రేపు మన వంతే. కాయలు కోసేద్దాం!" అదేమిటయ్యా, జపానువాడు అంత సముద్రం దాటొచ్చేది మన రసాల కోసమా అంటే వింటాడా? చెట్టంతా దులిపేశాడు.

గడ్డిలో ముగ్గేస్తే పండలేదు సరికదా, ఎండాయి. ముసలమ్మ బుగ్గల్లా ముడతలు! బాంబూ పడలేదు, పండూ దక్కలేదు. వాటిని పెంటకుప్ప మీద పోస్తుంటే ఎంత ఏడుపొచ్చిందనీ! మీరు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఏమీ అనుకోకండి.

అందుకే ఈ ఏడు గొంతు పెంచాను. "నేను చెప్పేదాకా చెట్టు మీద చెయ్యి పడితే ఊరుకోను" అన్నాను. దక్షిణామూర్తి చిక్కం కర్ర తీసుకెళ్ళి చూరులో దోపేశాడు. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

తీరా నాకేం తెలుసు? నొక్కి చూశాను. వాసన చూశాను. ఒకటి కోసి చూస్తే టెంక ఇంకా లేత. "ఏం వదినా, ముహూర్తం కుదిరిందా?" అని అతగాడి వెటకారం. పైకి గంభీరంగానే ఉన్నాను. ఈసారీ పాడైతే ఈ ఇంట్లో నా మాట ఇంకెవరు వింటారండీ? పప్పులో ఉప్పెంతో కూడా అతనే చెబుతాడు.

ఓ రోజు పొద్దున చెట్టు కింద నిలబడ్డానా, పైన చిలకలు ఒకటే గోల. టప్పున నా కాళ్ళ దగ్గర పండు పడింది. ఒక చెంప చిలక తినేసింది, రెండో చెంప బంగారం! వంగి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకు తెలిసిన వాసనే. ఏటా కాయలు కోయించే రోజున మీ మీసాల్లోంచి వచ్చేది అదే కదూ?

అమ్మ దొంగా! విద్యా లేదు, నా శ్రాద్ధమూ లేదు. చిలక పడేసిన తొలి పండు గుటుక్కున మింగి, మూతి తుడుచుకుని రావడం! ఇన్నేళ్ళ కాపురంలో "ఇదిగో, ఓ ముక్క కొరుకు" అన్నారా? చిలకైనా మీకు సగం మిగిల్చింది. మీరు నాకేం మిగిల్చారు?

ఆవేళే కోయించాను. ఇవాళ గడ్డి తీస్తే ఇల్లంతా ఘుమఘుమ. దక్షిణామూర్తి మోచేతులదాకా రసం కార్చుకుంటూ, "ఎలా కనిపెట్టావు వదినా?" అన్నాడు. చెబుతానా? చెబితే వచ్చే ఏడు ఆ తొలి పండు అతనే తినెయ్యడూ!

ఇంకో మాట. ఆ చిలక కొట్టిన పండు నేను పారెయ్యలేదండీ. మొహమైనా కడుక్కోకుండా, నిలబడి, తొక్కతో సహా తినేశాను. ఆవేళ ఏకాదశి. విధవని, కటిక ఉపవాసం ఉండాల్సినదాన్ని. చిలక ఎంగిలికి దోషం లేదంటారు, మరి ఏకాదశికో?

పోనిద్దురూ. పైన ఎవరైనా అడిగితే నా తరఫున మీరే ఏదో సర్దిచెప్పండి. చెప్పకపోయినా సరే. నరకంలో ఎలాగూ మామిడిపళ్ళు దొరకవు, ఇక్కడే కడుపునిండా తిని వస్తాను.