మగ్గం గుంట అంచున చదివిన పుస్తకాలు

1956 జూన్ పదకొండో తేదీ సోమవారం నాడు శ్రీ సుదర్శనం గారు మా జ్ఞానవర్ధని గ్రంథాలయ సంఘపు తిరుత్తణి శాఖలో గుమాస్తాగా ప్రవేశించారు. నాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. నాలుగేళ్ళకు ఊరు మద్రాసు రాష్ట్రంలో కలిసింది గానీ తన కుర్చీని మాత్రం ఎవరూ కదపలేదని వారు నవ్వుతూ చెప్పేవారు. ఈమధ్య ఆ మాట చెప్పడం మానేశారు.

1963లో తిరువళ్ళూరు ప్రధాన శాఖకు బదిలీ అయి, అక్కడి తత్త్వ, రాజనీతి గ్రంథాలన్నింటికీ ఎనిమిదేళ్ళు శ్రమించి పట్టిక తయారుచేశారు. 1971లో గ్రంథపాలకులుగా తిరుత్తణికి తిరిగివచ్చేసరికి ఇక్కడి తెలుగు బీరువాకు తాళంచెవి కూడా కనబడలేదు. నేత వీధుల్లో ఇంటిభాష తెలుగే అయినా పెద్దలకు అక్షరాలు రావు, పిల్లలకు బడిలో వచ్చింది అరవం. వారు తాళం పగలగొట్టించి, ఆ సాయంత్రమే సంచిలో మూడు పుస్తకాలు వేసుకుని వీధిలోకి వెళ్ళి, ఆదిమూలం అనే నేతగాడు కాళ్ళు దించి నేసే మగ్గం గుంట అంచున కూర్చుని చదవడం మొదలుపెట్టారు.

పురాణం చదివినా ఒక అందం. వారు చదివినవేమో రాజ్యం ఎందుకు పుట్టింది, యంత్రం మనిషికి సేవకుడా యజమానా, ఆచారానికి మూలం భక్తా భయమా అనే సంగతులు! నాకు మతి పోయింది. నేతగాళ్ళకు పోలేదు. చేతులు ఆడిస్తూనే వాదించేవారు. ఎమర్జెన్సీ రోజుల్లో ఒకనాడు ఆదిమూలం, "రాజ్యం లేకుంటే దొంగలు దోచుకుంటారని రాసిండాడే సార్, ఆ రాజ్యాన్ని అడిగేదానికి ఎవురుండారో రాసినాడా?" అన్నాడు. సుదర్శనం గారు వీధివైపు ఒకసారి చూసి, రాయలేదని ఒప్పుకున్నారు.

మనిషికి స్వేచ్ఛ అనేది ఉందా లేదా అన్న చర్చ నాలుగు రోజులు సాగింది. ఆ వాదంలో పడి తణికాచలం అనే నేతగాడు కొంగు మొదలుపెట్టవలసిన చోటు దాటి, చీర పొడుగునా ఒకే తీరుగా నేసేశాడు. అడిగితే, "చెయ్యి ఆపాలంటే ఆపగలనా లేదా అని యోచన చేస్తా ఉండాను సార్, అది ఆగలే" అన్నాడు. కొంగు లేని ఆ చీరను సుదర్శనం గారు తీసుకున్నారు. వారి ధర్మపత్ని శ్రీమతి దేవకి గారు దాన్ని చెల్లెలి పెళ్ళికి కట్టుకుపోయి, బంధువుల ఎకసెక్కాలన్నీ భరించారు. ఈ పదవీ విరమణ సంచికాముఖంగా ఆ తల్లికి నమస్కరిస్తున్నాను.

1980 నుంచి ఒక్కో ఇంట్లో గుంట పూడ్చి మరమగ్గాలు దించారు. ఆ చప్పుడులో పక్కమనిషి మాటే వినబడదు, ఇక గ్రంథపఠనమా! సుదర్శనం గారు అరిచి చదివారు, గొంతు పోగొట్టుకుని వారం రోజులు సైగలతో సంసారం చేశారు, మళ్ళీ వెళ్ళారు. నాలుగు మరమగ్గాల నడుమ నిలబడ్డ ఆదిమూలం చివరికి బయటకు వచ్చి, "వినపళ్ళేదు సార్. రావద్దండి" అని కళ్ళు తుడుచుకున్నాడు. 1984లో వీధిలో చివరగా మిగిలిన, వళ్ళియమ్మ అనే నేతకత్తె ఇంటి గుంట కూడా పూడింది. యంత్రం సేవకుడా యజమానా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, వాదించేందుకు మాత్రం ఎవరూ మిగల్లేదు.

ఇక నా నేరం. శాఖలో ఏటేటా పాఠకుల సంఖ్య రాసి పంపేది నేనే. ఇంటికి పుస్తకం తీసుకుపోయి సంతకం చేసినవాడే పాఠకుడని మా నియమం. విన్నవాళ్ళెవరూ సంతకం చేయలేదు కనుక, తెలుగు పాఠకులు లేరని పదిహేనేళ్ళు రాశాను. విన్నవాళ్ళనూ చేర్చనివ్వమని నేను సుదర్శనం గారిని బతిమాలితే, "విన్నోణ్ణి చదివినోడని రాస్తే అబద్ధం గదా వరదా" అంటూ వారే కింద సంతకం చేశారు. ఆ కాగితాలను చూసి కార్యవర్గం తెలుగు విభాగాన్ని రద్దు చేసింది. వారి పదవీ విరమణ మర్నాడు బీరువా తిరువళ్ళూరు గిడ్డంగికి పోతుంది.

నేను కార్యవర్గం ఎదుట మొత్తుకున్నాను. సాక్ష్యం తెమ్మన్నారు. ఆదిమూలాన్ని తీసుకుపోయాను. ఈయన నీకు పుస్తకాలు చదివి వినిపించారా అని అధ్యక్షులు మూడుసార్లు అడిగారు. ఆరేళ్ళ మరమగ్గాల రొదకు ఆదిమూలం చెవులు పూర్తిగా పోయాయి. అతడు సుదర్శనం గారి ముఖంలోకి చూస్తూ, చేతులు జోడించి ఊరకే నిలబడ్డాడు. సభ ముగిసింది.

సార్, ఇలాంటి సంచికల్లో నూరేళ్ళు వర్ధిల్లమని రాస్తారు. వినేవాళ్ళు లేని ఊళ్ళో అన్నేళ్ళు మిమ్మల్ని ఉండమనడానికి నాకు నోరు రావడం లేదు. పుస్తకాలు ఎలాగూ ఉండవు, మీకు గుర్తున్నంతవరకే చెప్పండి. రేపటి నుంచి సాయంత్రం ఐదింటికి మీ ఇంటికి వస్తాను, ఒక్కణ్ణే వస్తాను. మీ గొంతుకూ నా చెవులకూ మన కొండమీది తణికేశుడు దీర్ఘకాలం ఆరోగ్యం ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను.

వరదన్, సహాయ గ్రంథపాలకుడు
తిరుత్తణి, 30 జూన్ 1986