అరకు సంతలో వరహాలరావు గారి చూపు

శ్రీ వరహాలరావు గారు 1897 జూన్ 14వ తేదీన సాలూరు వైద్యశాలలో ఉద్యోగ ప్రవేశం చేశారు. మన్యపు జ్వరానికి వెరచి ఎందరో విముఖులైన అరకు వైద్యశాలను 1912లో కోరి స్వీకరించి, ఈ 1927 వరకు డాక్టరుగా దాని భారమంతా వహించారు.

1922 వానాకాలంలో భీముడనే రైతు కాలి గాయానికి కట్టు కోసం వచ్చాడు. అతని మెడ చుట్టూ, చంకలలో చర్మం మఖమలు గుడ్డ వలె దళసరిగా నల్లబడి ఉండడం వారి కంటబడింది. బక్కపలుచని మనిషికి ఇట్టి మచ్చ హఠాత్తుగా వస్తే కడుపులో రాచపుండు దాగి ఉండవచ్చునని వైద్యగ్రంథాలలో చదివి ఉన్నారు. వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు.

"నాకేటయినాది బాబూ? కుండెడు అంబలి తాగుతున్నాను" అని నవ్వి భీముడు కొండెక్కాడు. చలికాలం ముగిసేసరికి తిన్నది ఇమడక, ఎముకల గూడై కన్నుమూశాడు.

డాక్టరు గారి చూపే ఆ మచ్చ పెడుతుందన్న మాట కొండలన్నీ పాకింది. వారు సంతలో అడుగుపెడితే బేరాలు ఆగిపోయేవి. కండువాలు, కొంగులు మెడలకు చుట్టుకొనేవి. తల్లులు బిడ్డల మెడలను అరచేతులతో మూసేవారు. ఆ నిశ్శబ్దంలో నడిచి నడిచి, ఆ మాట నిజమేనేమోనన్న భయం తుదకు వారినీ ఆవహించింది. రోగుల పాదాల వంకే చూస్తూ మందిచ్చేవారు.

ఒక సంతనాడు భీముని భార్య సోములమ్మ వారికి అడ్డంగా నిలిచి మెడమీది కొంగు లాగివేసింది.

"సూడండి బాబూ."

"వద్దమ్మా, వెళ్ళు."

"మీరు పెట్టనేదు, మీరు సూసినారు. బేగి ఎల్లుంటే బతుకుదునేమోనని మా మావ పోతా పోతా అన్నాడు. నన్నూ సూడండి. అందరూ సూత్తారు."

డాక్టరు గారు తల ఎత్తి, ఆమె మెడ తడిమి, "ఏమీ లేదమ్మా" అన్నారు. ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. ఆమె వెనుక పైడయ్య అనే రైతు. అతని మెడమీద డాక్టరు గారి చేయి నిలిచిపోయింది.

పైడయ్య నవ్వలేదు. "బండెప్పుడు, బాబూ?" అన్నాడు.

విశాఖలో కడుపు కోసి పుండు తీశారు. రోగం సమూలంగా పోలేదు. అయినా పైడయ్య మరి రెండు పంటలు తన చేతులతో కోసుకొని, కూతురి పెళ్ళి చూసి పోయాడు.

నేడు ఉద్యోగ విరమణ చేస్తున్న డాక్టరు గారు శ్రీమతి రత్నాలు గారితో, మనుమలతో సాలూరులో గడపబోయే దినాలు ఆరోగ్యవంతమై, సుదీర్ఘమై ఉండాలనీ, ఎదుటివారి ఒంటిమీద ఏమీ వెదకనక్కరలేకుండా, వారి ముఖం చూసి తీరిగ్గా పలకరించే భాగ్యం వారికి దక్కాలనీ వైద్యశాల సిబ్బంది అందరి ఆకాంక్ష.