పొట్టి కనిపించలేదని నేనిచ్చిన ఫిర్యాదు

బట్టల కంపెనీలో నన్ను ఇస్త్రీ అక్క అంటారు. వయసు ఇరవై ఆరు. చొక్కాలు ఇస్త్రీ చేసి మడతపెట్టడం నా పని. నా ఆడపడుచు, నా బిడ్డ కనిపించడం లేదని నిన్న ఈ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చింది నేనే. తర్వాత ఏం జరిగిందో అధికారి గారు అడగగా చెబుతున్నాను.

నా ఆడపడుచుకు పద్నాలుగేళ్లు. నాకంటే జానెడు ఎత్తు పెరిగినా ఇంట్లో ఇంకా పొట్టి అనే పిలుస్తాం. మా అత్తగారు పోయాక ఐదో తరగతితో బడి మానేసింది. వంట, గిన్నెలు, ఏడాదిన్నర చంటివాడు, అన్నీ దాని చేతుల మీదే. నా భర్త లారీ నడుపుతాడు.

నిన్న పదకొండింటికి కంపెనీలో కరెంటు పోయి మమ్మల్ని పంపేశారు. వచ్చి చూస్తే ఇంటికి తాళం. పొట్టి సంచి భుజాన వేసుకుని, బిడ్డను చంకనెత్తుకుని వెళ్లిందని పక్కింటావిడ చెప్పింది. సంచి అనగానే ఇల్లు విడిచి పోయిందేమో అనుకున్నాను. చుట్టుపక్కల వీధులన్నీ వెతికి ఇక్కడికి వచ్చాను. నా భర్తకు ఫోన్ చేశాను.

మహిళా పోలీసు ఒకామె నాతో వచ్చింది. మందుల షాపతను వాళ్లను చూశానని చెప్పి సైకిల్ షాపు మేడ చూపించాడు. పైన గదిలో ఇరవై మంది దాకా ఆడపిల్లలు నేల మీద కూర్చుని పరీక్ష రాస్తున్నారు. పొట్టి కిటికీ పక్కన ఉంది. తల ఎత్తలేదు. నా బిడ్డ టీచరమ్మ భుజాన ఉన్నాడు. ఏడవడం లేదు. ఆమె భుజమంతా వాడి చొంగతో తడిసిపోయింది. వాడి పిడికిట్లో సుద్దముక్క ఉంది. ఏడవడం లేదు.

టీచరమ్మ మమ్మల్ని మెట్ల మీదికి తీసుకొచ్చి మెల్లగా చెప్పింది. చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు అక్కడ రెండేళ్ల పాఠాలు ఏడాదిలో చెప్పి, వాళ్ల ఈడు పిల్లలున్న తరగతిలో చేరుస్తారట. పొట్టి ఎనిమిది నెలలుగా వస్తోందట. ఈ పరీక్షలు గట్టెక్కితే ఎనిమిదో తరగతిలో సీటు.

"బిడ్డను తేవద్దంటే ఈ పిల్ల రాలేదు. అందుకే ఇద్దరినీ రమ్మన్నాను," అంది.

హాజరు పిలిస్తే చంటివాడూ చెయ్యెత్తుతాడట. ఇంట్లో ఎవరిని పిలిచినా వాడు చెయ్యెత్తేవాడు. మేం ఆటనుకుని నవ్వేవాళ్లం.

పొట్టి మాకెందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఒకసారి బడి మాట ఎత్తితే, ఈ వయసులో నిన్నెవరు చేర్చుకుంటారని వాళ్లన్న కొట్టిపారేశాడు. మళ్లీ అది ఆ ఊసెత్తలేదు.

అంతలో, నేను ఫోన్‌లో చెప్పిన గుర్తులు పట్టుకుని నా భర్త వచ్చాడు. మొహం జేవురించి ఉంది. "దాన్ని బయటికి పిలు," అన్నాడు.

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "రాయనీ. అయ్యాక తిడుదువుగానిలే," అన్నాను.

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. అక్కడినుంచి పొట్టి వీపు కనబడుతోంది. అదే చూస్తూ కూర్చున్నాడు.

పరీక్ష అయ్యి బయటికొచ్చిన పొట్టి, అన్నను, పోలీసును చూసి తెల్లబోయింది. అయినా దాని నోట వచ్చిన మొదటి మాట, "వదినా, పాలసీసా సంచిలో ఉంది. బాబుకి పట్టావా?"

నా భర్త మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చాడు. ఇంటి ముందు చెప్పులు విప్పుతూ, రేపు కూడా పరీక్ష ఉందా అని అడిగాడు. లెక్కలని పొట్టి భయంభయంగా చెప్పింది.

"అయితే చంటోణ్ణి నాకిచ్చి పో. వాడికి లెక్కలు రావుగా," అన్నాడు.

పొట్టి నవ్వలేదు. గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

ఈ పూట అది ఆ పరీక్షకే వెళ్లింది. బిడ్డ బయట లారీలో వాళ్ల నాన్న ఒళ్లో ఉన్నాడు. నేను సాయంత్రం షిఫ్టుకు మారుతున్నాను. పగలు వాణ్ణి నేనే చూసుకుంటాను. నా ఆడపడుచు మీద నాకే ఫిర్యాదూ లేదు. నిన్నటి కాగితంలో "కనిపించడం లేదు" అని ఉన్నచోట "బడికి వెళ్లింది" అని దిద్దమని మనవి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. కల్పించింది లేదు, దాచింది లేదు.

(సంతకం)