ఒట్టి గిన్నె

మెట్టకూరులో పొద్దున్నే పిట్టగోడకి అటొకరు, ఇటొకరు. పెద్దావిడ చేతిలో ఖాళీ గిన్నె ఉంది.

“మళ్లీ గౌను తెచ్చారేమో అనుకున్నానండి పిన్నిగారూ. దుర్గాశ్రీని హోమ్ నుంచి పెంచుకోడానికి తెచ్చుకుని నెల కాలేదు, వీధంతా కలిసి పదకొండు గౌన్లిచ్చారు. అదేమో దాని సంచి ఇంకా విప్పలేదు. ఏదడిగినా ‘మీ ఇష్టం ఆంటీ’ అంటుంది.”

“అందుకే నేను ఇవ్వటం మానేసి అడగటం మొదలెట్టానమ్మాయ్. మొన్న కరివేపాకడిగితే పరిగెత్తి కోసుకొచ్చింది. నిన్న చీకటిపడ్డాక, పాలు తోడెయ్యడానికి కాస్త పెరుగడిగాను.”

“అయ్యో, నేను బజారుకెళ్లానండి. ఇచ్చిందా?”

“ఎక్కడిచ్చింది? ఒట్టి గిన్నెతో పంపేసింది.”

“ఏమీ అనుకోకండి పిన్నిగారూ. కొత్త కదా, తెలీదు.”

“తెలీకపోవడమేంటి! అచ్చం నీలాగే నడుం మీద చెయ్యేసుకుని, ‘దీపాలు పెట్టాక మా ఇంట్లో పెరుగివ్వరండి, పొద్దున్నే రండి’ అంది.”

“ఏమందండీ?”

“మా ఇంట్లో, అంది.”

చిన్నావిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

“ఏడుస్తావేంటే పిచ్చిదానా! పొద్దున్నే రమ్మంది, వచ్చాను. పిలు దాన్ని. గిన్నె నీకివ్వను, దాని చేత్తోనే పోయించుకుంటాను.”