నారింజల దుప్పట్లు

ఇవ్వను. అడిగిందే అడక్కు లావో మౌ, లారీ తాళం ఇవ్వనన్నానా, ఇవ్వను. వెతుక్కుంటానంటే వెతుక్కో. ఈ క్యాబిన్‌లో వెతకడానికేముంది, నీ సీటూ, నా సీటూ, వెనకాల వంతులేసుకుని పడుకునే బల్లా. నా మేజోడులో ఉంది. చెబితే ఏం, తీసుకోగలవా?

ఆ అద్దం వంక చూడకు. అందులోంచి ఏం కనబడుతుంది? మన ఊపిరే లోపల మంచై పేరుకుంది. మంచుకి మూసిన రోడ్డు తెరిచారు, విన్నాను. పక్కబళ్ళు స్టార్ట్ చేస్తున్నారు, అదీ వింటున్నాను. పోనీ. వాళ్ళ చక్రాలు తిరుగుతున్నాయి, పోతున్నారు.

మనవెందుకు తిరగట్లేదో చెప్పనా? వద్దా? వద్దంటే మానేస్తానా నేను?

నిన్న మధ్యాహ్నం అన్నానికి ఆగిన చోట వేడినీళ్ళు ఉచితమని చూశావు. అంతే, బ్రేకుల మీద నీళ్ళు కొట్టే ట్యాంకు నిండా పట్టేశావు. వద్దయ్యా, ఇది మన సిచువాన్ కాదు, ఇక్కడ ఉమ్మేస్తే నేల మీద పడేలోపు గడ్డకడుతుంది అన్నానా, లేదా? "కొండ దిగాలంటే బ్రేకులు తడపాల్సిందే, మా నాన్నా అలాగే దిగాడు" అన్నావు. మన కొండల్లో నిజమే, నేను కాదన్నానా. అక్కడి ఎండకి, ఆ మలుపులకి, నీళ్ళు పడకపోతే డ్రమ్ములు ఎర్రగా కాలిపోయి బ్రేకులే పట్టవు. ఈ చలిలో వాటికి స్నానమెందుకు? షింగాన్ కొండ దిగుతుంటే నీ చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ మీట నొక్కింది. నేను చూశాను. నువ్వూ చూశావు, నొక్కాక.

సరే, నొక్కావు. నొక్కినవాడివి ఆపేముందు కాసేపు బ్రేకు మెల్లగా తొక్కుతూ నడిపితే ఆ తడి ఆరిపోయేది కదా? అదీ లేదు. రోడ్డు మూసి బళ్ళు ఆపేసిన చోటికి వచ్చీరాగానే హ్యాండ్‌బ్రేకు లాగేశావు. తడి బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేకు వెయ్యకూడదు, చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టాలి అని నాకు నేర్పిందెవరు? నువ్వే. సాయంత్రం వరస కాస్త ముందుకి జరిగితే మనం కదిపి చూశాం. ట్రైలర్ చక్రాలు ఒక్కటీ తిరగలా, చచ్చిన గేదెని ఈడ్చినట్టు ఈడ్చుకొచ్చాయి. బ్రేకులు డ్రమ్ములకి అంటుకుని రాయైపోయాయి. చీకటి పడేదాకా సుత్తితో కొట్టావు, ఏం ఊడింది?

పక్కబండి డ్రైవరన్న మన తడి టైర్లు చూసి ఏమన్నాడు? "ఏం తమ్ముడూ, నీళ్ళు పోస్తున్నావు, మొలకలొస్తాయా?" అన్నాడు. నువ్వు కూడా నవ్వావు. నాకు నవ్వు రాలేదు.

పొద్దున్నే బ్రేకులకి గాలి పట్టే ట్యాంకుల కింద దూరి, రింగులు లాగి, లోపల చేరిన నీళ్ళు వదిలేదెవరు? నేను. చేతితొడుగు ఆ ఇనుముకి అంటుకుపోతుంది తెలుసా. గాలి గొట్టాలు ఎక్కడైనా బిరుసెక్కాయేమోనని తడిమేది నేను. సుత్తితో టైర్లు కొట్టి చప్పుడు వినేది నేను. వెనకొచ్చేవాడు గుద్దకుండా లైట్ల మీద మంచు గీకేది నేను. చలికి గడ్డకట్టని డీజిలే పొయ్యాలని బంకువాడితో పోట్లాడేదీ నేనే. ఇన్ని చేసి ఏం లాభం, నువ్వొక్క మీట నొక్కావు.

ఇప్పుడేమో, ట్రైలర్ బ్రేకులు పట్టకుండా బోల్టులు తిప్పి వదిలించేస్తావట. ముందు బండి బ్రేకులతోనే మిగతా కొండ దిగిపోతావట. మంచు మీద. అంత బరువు వెనకనుంచి తోస్తుంటే. నువ్వు బ్రేకు తొక్కితే మనం ఆగుతాం, అది ఆగుతుందా? పక్కకి తిరిగొచ్చి మన క్యాబిన్‌నే కొడుతుంది. పోయినేడు మన ఊరి షియాంగ్ వాళ్ళని అలాగే కదూ తీశారు లోయలోంచి? మొగుణ్ణీ పెళ్ళాన్నీ.

ఏంటీ? నన్ను బస్సెక్కి రమ్మంటావా?

మళ్ళీ అను. ఏం కాదు, ఏం కాదు అని రాత్రినుంచి నాకు చెబుతున్నవాడివి, ఏం కాకపోతే నన్నెందుకు దించుతావయ్యా? ఏమవుతుందో నీకు బాగా తెలుసు. తెలిసే పోతానంటున్నావు.

దిగి ఎక్కడికి పోను చెప్పు. నీకు కునుకు పట్టకుండా కబుర్లు చెప్పడానికి ఒక్క ఏడాది తోడు రమ్మన్నావు. "మొగుడు స్టీరింగు మీద నిద్రపోతే ఆ పాపం నీదే" అంది మీ అమ్మ. ఎక్కాను. అంతే, మళ్ళీ దిగిందెక్కడ? ఇప్పుడు ఇంట్లో మంచం మీద పడుకుంటే నిద్ర పట్టదు నాకు, కింద ఇంజన్ చప్పుడుండాలి. ఇందులో ఉండలేను, దిగి బతకలేను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు చూడు, నాది అదీ కాదు. ఆ నూతికే చక్రాలు బిగించి నన్నందులో పెట్టి దేశమంతా తిప్పుతున్నావు.

తెలుసు, పళ్ళ సంగతి తెలుసు. సాయంత్రానికి మాన్‌జౌలీ చేరి గోదాములో దించకపోతే నారింజలన్నీ గడ్డకడతాయి, వాటికి మనదే పూచీ. ఎన్నిసార్లు చెబుతావు? వాటికి పక్కలు వేసింది నేనే కదా. కింద గడ్డి, మీద రెండు వరసల దూది దుప్పట్లు, ఆ పైన టార్పాలిన్, చంటిపిల్లలకి కప్పినట్టు. నాకేమో ఒక్క దుప్పటి. రాత్రి కాళ్ళు కొంకర్లు పోతుంటే వెనకాల నారింజలు వెచ్చగా పడుకున్నాయని కుళ్ళుకున్నాను. నవ్వు, నవ్వు. నిజంగానే కుళ్ళుకున్నాను.

ఆ పళ్ళ కోసమేగా నీ తొందరంతా? అవి చల్లబడకముందే పోవాలి, అంతేగా?

అయితే విను. కూర్చో, ఆ తలుపు మీద చెయ్యి తియ్యి. కూర్చుంటేనే చెబుతాను. ఇంతసేపూ తాళం తాళమని నీతో వాదులాడింది ఈ మాట నోట్లోంచి రాకే.

తెల్లారుతుండగా నువ్వు గుర్రు పెడుతుంటే నేను దిగాను. గాలి ట్యాంకుల్లో నీళ్ళు వదిలాను. వదిలాక, చలిగాలి కొట్టే వైపు సరుకు తాళ్ళు విప్పాను. టార్పాలిన్ విప్పాను, దుప్పట్లు ఒక్కోటీ లాగి కింద పడేశాను. "చెల్లెమ్మా, మతి పోయిందా?" అని పక్కబండి అన్న పరిగెత్తుకొచ్చాడు. ఏం చేస్తున్నానో చెప్పాను. వెళ్ళి తన బొగ్గు పొయ్యి తెచ్చిచ్చాడు. ఆ దుప్పట్లు ట్రైలర్ కింద ఇరుసుల చుట్టూ తెరల్లా కట్టాం. లోపల పొయ్యి పెట్టాం, టైర్లకి దూరంగానే పెట్టాం, కంగారు పడకు. రోడ్డు తెరిచినా పోకుండా ఆ అన్న అక్కడే కూర్చుని చూస్తున్నాడు. మెల్లగా వెచ్చబెడితే సాయంత్రానికి బ్రేకులు వాటంతటవే వదులుతాయి. తడి ఆరిపోతుంది, దిగేటప్పుడు బ్రేకులన్నీ పట్టుకుంటాయి.

నారింజలా?

ఇదిగో, నీకు చూపించడానికే ఒకటి జేబులో వేసుకొచ్చాను. పట్టుకో. పండు కాదు, గులకరాయే. ఆ వైపువన్నీ ఇలాగే అయ్యాయి, లోపలివి ఇంకో పూటలో అవుతాయి. ఇంక నువ్వు కొండ మీదనుంచి పరిగెత్తినా దక్కవు.

అలా చూడకయ్యా. తోటవాళ్ళకి ఏం చెబుతావో, గోదామువాళ్ళకి ఏం చెబుతావో నాకు తెలీదు. మన ఏడాది కష్టం పోయింది, అదీ తెలుసు. విప్పుతూ ఏడ్చాను కూడా. మంచి పళ్ళు. మనుషుల్ని కాపాడినట్టు కాపాడుకుంటూ ఇంత దూరం తెచ్చాం వాటిని. కానీ అవి బతికున్నంతసేపూ నువ్వు ఆగవు కదా. నా మాటకి ఆగుతావా, ఎప్పుడైనా ఆగావా? అందుకని వాటినే చంపాను.

తిట్టాలనుంటే తిట్టు, వింటాను. సాయంత్రం దాకా ఎక్కడికీ పోలేంగా, ఇద్దరం.