గోడమీది ఫొటో

పుత్తూరు దారిలో ఒక ప్రైవేటు కాలేజీ. అధ్యాపకుల ఫొటోలు తగిలించిన గోడ ముందు ప్రిన్సిపాలూ, జూన్‌లో ఆయన తీసేసిన బాటనీ మేడమూ నిలబడి ఉన్నారు. ఆమె తన సర్టిఫికెట్ల కోసం వచ్చింది.

"రేపు తనిఖీకి కమిటీ వస్తా ఉండాదమ్మా. ఒక్క పూట ల్యాబులో కూర్చో. వాళ్లు పోతానే సర్టిఫికెట్లు ఇచ్చేస్తా."

"బాటనీలో పిల్లోళ్లు లేరు, ఇంక రావద్దని మీరే కదా సార్ చెప్పినారు."

"డాక్టరేటు ఉండేది నీకొక్కదానికే గదమ్మా. నీ ఫొటో తియ్యనే లేదు, సూడు."

చూసింది. పేరు కింద 'విభాగాధిపతి' అని కొత్తగా చేర్చారు. ఎన్నేళ్లు అడిగినా ఇవ్వని హోదా అది.

"నేను రాను సార్."

"ఆ మేడం యాడ అని వాళ్లడిగితే ఏం చెప్పేది?"

"ఫొటో ఉండనే ఉండాది కదా. దానికొక దండ ఏసి పెట్టండి, ఇంక ఎవురూ అడగరు."